బాపు అర్జీలో నేను కొట్టేసిన పేరాలు

ఉదయం ఎనిమిదింటికి టోక్యో ట్రైన్‌లో నిలబడటానికే చోటుండదు. ఒక చెయ్యి పైన రింగుకి, ఇంకో చేతిలో ఫోను. ఆఫీసు వచ్చేదాకా ఉన్న 20 నిమిషాల్లో నేను జపనీస్ పదాల కార్డులు తిప్పుతుంటాను. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. ఎన్2 పరీక్ష పాసయ్యాను, ఇప్పుడు ఎన్1తో కుస్తీ పడుతున్నాను. యాప్ ఒక పదం చూపిస్తుంది. అర్థం తెలిస్తే ‘ఈజీ’ నొక్కాలి, తెలియకపోతే ‘మళ్ళీ’ నొక్కాలి.

ఆ రోజు వచ్చిన పదం ‘చింజో’. కార్డు తిప్పితే వెనకాల ఇలా ఉంది: ప్రభుత్వ అధికారులకు పెట్టుకునే విన్నపం. ఓహో, అర్జీ అన్నమాట అనుకుని ‘ఈజీ’ నొక్కేశాను. రెండు సెకన్ల పని.

అదే నిమిషంలో బాపు నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మన దగ్గర అప్పుడు తెల్లవారుజామున నాలుగున్నర. బాపు ఆ టైముకి లేచే ఉంటాడు. ఫొటోలో ఆయన ఫోన్ స్క్రీన్, దాని మీద ఒక మెసేజ్: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ కింద బాపు వాయిస్ మెసేజ్: “పరిష్కారమైందంటుండ్రు రా. నేను పోయి చూస్తే ఏం కాలే. అట్లనే ఉన్నది. ఏం చెయ్యాలె?”

సంగతేమిటంటే, ఊళ్ళో మాకు 2 ఎకరాల 30 గుంటల భూమి ఉంది. రికార్డులు ఆన్‌లైన్ అయ్యాక చూస్తే 2 ఎకరాల 20 గుంటలే కనిపిస్తోంది. పది గుంటలు ఎటు పోయాయో తెలీదు. పాత పాస్‌బుక్‌లో ఉన్నాయి. పహాణీలో ఉన్నాయి. నేల మీద కూడా ఉన్నాయి, బాపు రోజూ వాటి మీదే నడుస్తాడు. కంప్యూటర్‌లో మాత్రం లేవు.

నేను కంప్యూటర్ల మీద బతికేవాణ్ణి. ఇలాంటి తప్పు ఎలా జరుగుతుందో నాకు చూడగానే అర్థమవుతుంది. పాత రిజిస్టర్‌లోంచి కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడు ఎవరో ఒక అంకె తప్పు కొట్టారు. మా ఆఫీసులో అయితే సాయంత్రానికి సరిచేసి ఇంటికెళ్ళిపోతాం. బాపుకి అది మూడేళ్ళ పని. ప్లాస్టిక్ ఫైల్ కవర్లో రసీదులు పెట్టుకుని, సోమవారం సోమవారం బస్సెక్కి, క్యూలో నిలబడి, కాగితం ఇచ్చి రావడం.

ఈసారి అర్జీ రాసింది నేనే. అసలు చెప్పాల్సింది అదే.

అంతకు ముందు బాపు తన చేత్తో రాసుకున్న అర్జీ ఫొటో తీసి పంపాడు. రెండు పేజీలు. ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా’ అని మొదలైంది. తన తండ్రి చిన్నప్పుడే పోతే తన తల్లి కూలికి పోయి పెంచిన సంగతి, ఆమె గాజులమ్మి ఆ మూల చెలక కొన్న సంగతి, అక్కడ బాయి తవ్వితే మూడోసారికి నీళ్ళు పడ్డ సంగతి, ఆమె పోయాక ఆ బాయి పక్కనే సమాధి కట్టిన సంగతి. సర్వే నంబరు రెండో పేజీలో ఎక్కడో వచ్చింది.

చదివి నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. “బాపూ, ఇదంతా ఎవడు చదువుతాడు? వాళ్ళకి కావాల్సింది సర్వే నంబరు, పాత విస్తీర్ణం, కొత్త విస్తీర్ణం. అంతే” అన్నాను. కూర్చుని అయిదు లైన్లలో టైపు చేశాను. నంబర్లు వేసి, జతచేసిన కాగితాల లిస్టు ఇచ్చి, నీట్‌గా పీడీఎఫ్ పంపాను. బాపు మండల కేంద్రంలో ప్రింట్ తీయించుకుని ఇచ్చొచ్చాడు. “గింతేనా రా?” అని ఒక్కసారి అడిగాడు. అంతే, మళ్ళీ ఏమీ అనలేదు.

మూడు వారాలకి వచ్చిన మెసేజే అది. పరిష్కరించబడినది.

నాకు కోపం రావాలి. కానీ ముందు వచ్చింది కోపం కాదు. నేనూ ఆఫీసులో ఇలాంటివి ఎన్ని మూసేశానో గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం లిస్టులో ఇరవై ఫిర్యాదులుంటే, పొడిగా అయిదు లైన్లలో ఉన్నవాటిని తెరిచి ‘మా వైపు సమస్య ఏమీ కనిపించలేదు’ అని కొట్టి మూసేయడం నాకు బాగా తెలుసు. ఆ అయిదు లైన్ల వెనక మనిషి కనిపించడు. కనిపించకపోతే మూసేయడం తేలిక.

ఆదివారం మా పేటలోని కమ్యూనిటీ హాల్లో జపనీస్ క్లాసుకి వెళ్తాను. ఫీజు నామమాత్రం. చెప్పేది డెబ్భై దాటిన ఒక రిటైర్డ్ టీచర్. మేమంతా ‘సెన్సే’ అంటాం. ఆ వారం నేర్చుకున్న పదాల్లోంచి ఒక్కొక్కరం ఒకటి చెప్పాలి. నేను ‘చింజో’ అన్నాను.

సెన్సే బోర్డు మీద రెండు అక్షరాలు పెద్దగా రాసింది. “మొదటిదాన్ని ఇంకెక్కడ చూశావు?” అని అడిగింది.

‘చిన్’. ఆలోచిస్తే చాలాచోట్ల చూశాను. దుకాణాల్లో సరుకు పేర్చి చూపించడాన్ని ‘చిన్‌రెత్సు’ అంటారు. కోర్టులో ఇచ్చే వాంగ్మూలం ‘చిన్‌జుత్సు’. కంపెనీ పెద్దలు టీవీ ముందు వంగి క్షమాపణ చెబుతారే, అది ‘చిన్‌షా’. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే పని: లోపలున్నదాన్ని తీసి ఎదుట పరచడం.

రెండో అక్షరం ‘జో’. దానికి మనసులోని భావం అని అర్థం ఉంది, దయ అనీ ఉంది, పరిస్థితి అనీ ఉంది. “ఇంకొకటి ఉంది, అది నీ రంగంలోదే” అంది సెన్సే. నాకు వెలగలేదు. ఆమే రాసింది: ‘జోహో’. అంటే సమాచారం, ఇన్ఫర్మేషన్. మా ఇంజినీరింగ్ డిగ్రీకి జపాన్‌లో పెట్టే పేరులో ఉండే అక్షరం, మనిషి బాధలో ఉండే అక్షరం ఒకటేనన్నమాట. నాలుగేళ్ళుగా రెండూ రాస్తున్నాను, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

చింజో అంటే ‘జో’ని పరచడం. నా గోడు ఇదీ అని ఎదుట పెట్టడం.

ఇంటికొచ్చి మన మాటల సంగతి చూశాను. అర్జీ అనే మాట అరబ్బీలోంచి పారశీకం మీదుగా మనకొచ్చింది. దాని మూలానికి అర్థం ఎదుట పెట్టడం, చూపించడం. అచ్చం ‘చిన్’ లాగే! విన్నపం సంస్కృతంలోంచి వచ్చింది, తెలియజేయడం అని దాని మూలార్థం. వినతి అంటే వంగడం. మన దగ్గర ఉన్న ఈ మూడు మాటల్లో మూడు రకాల మనుషులు కనిపించారు నాకు. ఒకడు వంగి నిలబడ్డాడు, ఒకడు చెబుతున్నాడు, ఒకడు మూట విప్పి నేల మీద పరుస్తున్నాడు. బాపు ఆ రెండు పేజీల్లో చేసింది మూడో పని. నేను ఆయన మూట కట్టేసి, పైన లేబుల్ అంటించి పంపాను.

తర్వాతి ఆదివారం సెన్సే ఒక పాత కథ చెప్పింది. ఈ మాట జపాన్‌కి చైనా నుంచి వచ్చింది. ఇదే పేరుతో చైనాలో ఒక ప్రసిద్ధ విన్నపం ఉంది. రాసినవాడు లీ మీ, మూడో శతాబ్దం మనిషి. ఆయన కొలువు చేసిన షు రాజ్యం 263లో కూలిపోయింది. కొత్తగా గద్దెనెక్కిన జిన్ చక్రవర్తి వూ, మా యువరాజు దగ్గర ఉద్యోగానికి రమ్మని పిలిచాడు. రానంటే, పాత రాజు మీద ఇంకా భక్తి ఉందని అనుమానిస్తారు. అనుమానిస్తే తల ఉండదు.

లీ మీ తన సంగతి పరిచాడు. ఆరు నెలల పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. నాలుగేళ్ళప్పుడు తల్లికి మళ్ళీ పెళ్ళి చేశారు. పెంచింది నానమ్మ. ఇప్పుడు తనకి 44 ఏళ్ళు, నానమ్మకి 96. మంచం దిగలేదు. మీకు సేవ చెయ్యడానికి నాకు ఇంకా చాలా రోజులున్నాయి, ఆమె రుణం తీర్చుకోవడానికి లేవు అన్నది సారాంశం. పెద్దలను ఆదుకోవడమే మీ పాలన ధర్మమని మీరే అంటున్నారు కదా అని కూడా గుర్తుచేశాడు. చక్రవర్తి చదివి కరిగాడు. ఉండమన్నాడు. ముసలమ్మకి సేవ చెయ్యడానికి మనుషుల్ని కూడా ఇచ్చాడు. ఆమె పోయాకే లీ మీ కొలువులో చేరాడు.

విదేశంలో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్ళో పెద్దవాళ్ళని వీడియో కాల్‌లో చూసుకునే మాలాంటి వాళ్ళకి ఈ కథ ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు. మా క్లాసులో నేపాల్ అమ్మాయి ఒకామె ఉంది. ఆమె కథ మధ్యలోనే తల దించుకుంది.

అయితే పరిచిన ప్రతివాడి గోడూ చక్రవర్తి చదవలేదు. జపాన్ చరిత్రే దానికి సాక్ష్యం.

నరిటా ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళే కేసే లైన్‌లో ‘సోగో సాందో’ అని ఒక స్టేషన్ వస్తుంది. నేను ఇండియాకి వెళ్ళేటప్పుడు ఎన్నోసార్లు దాటాను, ఆ పేరేమిటో పట్టించుకోలేదు. అది సాకురా సోగోరో గుడికి వెళ్ళే దారి. పదిహేడో శతాబ్దంలో ఒక ఊరి పెద్ద ఆయన. ప్రభువు పన్నులు పెంచేసి రైతుల్ని పీడిస్తుంటే కింది అధికారులందరికీ మొరపెట్టుకున్నాడు. ఎవరూ వినలేదు. చివరికి ఎడోకి వెళ్ళి నేరుగా షోగన్‌కే కాగితం ఇచ్చాడు. మధ్యవాళ్ళని దాటి పైవాడికి ఇవ్వడాన్ని ‘జికిసో’ అంటారు. అది నేరం. కథ ప్రకారం పన్నులు తగ్గాయి, కానీ సోగోరోని, ఆయన భార్యని కొయ్యకు కట్టి చంపారు. పిల్లల్నీ వదల్లేదు. ఇందులో చరిత్ర ఎంత, జనం అల్లుకున్నది ఎంత అని పండితులు ఇంకా వాదించుకుంటారు. జనం మాత్రం గుడి కట్టుకున్నారు. 1851లో ఆయన కథ కబుకి నాటకమైంది.

తర్వాత వచ్చిన షోగన్లలో యోషిమునే అనే ఆయన వేరే దారి పట్టాడు. 1721లో ఎడోలో కోర్టు ముందు ఒక పెట్టె పెట్టించాడు. పేరు ‘మెయాసుబాకో’. నెలకి మూడు రోజులు బయట పెట్టేవాళ్ళు. రైతులూ పట్నవాసులూ ఎవరైనా కాగితం రాసి వెయ్యొచ్చు. షరతు ఒక్కటే, పేరు, చిరునామా ఉండాలి. తాళం షోగన్ ఎదుటే తీసేవాళ్ళు. ఒగావా షోసెన్ అనే వైద్యుడు, దిక్కులేని రోగులకి ఆస్పత్రి కావాలని అందులో రాసి వేశాడు. 1722లో కోయిషికావాలో ఉచిత వైద్యశాల వచ్చేసింది. అకిరా కురోసావా 1965లో తీసిన ‘రెడ్ బియర్డ్’ సినిమా ఆ ఆస్పత్రి కథే. ఆ చోటు ఇప్పుడు టోక్యో యూనివర్సిటీ వాళ్ళ బొటానికల్ గార్డెన్. ఆస్పత్రి పోయింది కానీ దాని బావి ఇంకా ఉంది. ఒక శనివారం వెళ్ళి చూసొచ్చాను. చుట్టూ కంచె, పైన మూత. ఒకడు రాసిన కాగితానికి గుర్తుగా మూడొందల ఏళ్ళ తర్వాత కూడా ఒక బావి మిగలడం నాకు నచ్చింది. బాపుకి ఫొటో పంపితే, “నీళ్ళున్నయా?” అని అడిగాడు.

ఇక మూడో మనిషి తనాకా షోజో. ఈయన గురించి చదివాకే బాపు అర్జీని మళ్ళీ తీశాను.

తోచిగి ప్రాంతంలో అషియో రాగి గని నుంచి విషం వతారసే నదిలో కలిసింది. చేపలు చచ్చాయి, వరదొచ్చినప్పుడల్లా పొలాలు పాడయ్యాయి. తనాకా ఆ ప్రాంతం నుంచి 1890లో మొట్టమొదటి పార్లమెంటుకి ఎన్నికైనవాడు. 1891 నుంచి సభలో అడుగుతూనే ఉన్నాడు. జవాబు లేదు. రైతులు గుంపులు గుంపులుగా టోక్యోకి నడిచి వచ్చారు. 1900 ఫిబ్రవరిలో పోలీసులు దారిలోనే ఆపి కొట్టి అరెస్టులు చేశారు. మరుసటేడు తనాకా పదవికి రాజీనామా చేశాడు. 1901 డిసెంబర్ 10న మేజీ చక్రవర్తి పార్లమెంటు ప్రారంభించి తిరిగి వస్తుంటే, హిబియా దగ్గర దాదాపు 60 ఏళ్ళ ముసలాయన చేతిలో కాగితం పైకెత్తి బండి వైపు పరిగెత్తాడు. కాపలావాళ్ళు పట్టేసుకున్నారు. కాగితం చక్రవర్తికి అందలేదు. పిచ్చివాడని చెప్పి వదిలేశారు, కేసు పెడితే ఇంకా పెద్దదవుతుందని.

ఆ కాగితాన్ని రాసిపెట్టింది కోతోకు షూసూయి అనే పత్రికా రచయిత. అప్పుడాయనకి 30 ఏళ్ళు. బాగా చదువుకున్నవాడు, మంచి భాష. కానీ తనాకా దాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళలేదు. అక్కడక్కడ కొట్టేశాడు, తన మాటలు చేర్చాడు, ప్రతి దిద్దుబాటు మీదా తన ముద్ర వేశాడు. ఆ మచ్చలతోనే కాగితం పట్టుకుని పరిగెత్తాడు. ఆ అసలు ప్రతి ఇప్పుడు సానో నగర మ్యూజియంలో ఉంది. 2014 మేలో చక్రవర్తి అకిహితో ఆ ఊరు వెళ్ళినప్పుడు దాన్ని చూశారు. ముత్తాతకి ఇవ్వబోయిన కాగితం 112 ఏళ్ళు దాటాక ముని మనవడి కళ్ళ ముందుకొచ్చింది. ఇక్కడ గెలిచాడని రాయడానికి చెయ్యి రాదు. ఆయన కాపాడాలనుకున్న యనాకా అనే ఊరిని 1906లో రికార్డుల్లోంచే తీసేశారు. తర్వాత వరదనీళ్ళు నిలిపే చోటు చేసేశారు. తనాకా 1913లో పోయేనాటికి ఆయన సంచిలో ఉన్నవి ఒక బైబిల్ కొత్త నిబంధన, రాజ్యాంగం ప్రతి, డైరీలు, కొన్ని గులకరాళ్ళు.

చదువుకున్నవాడు రాసిపెట్టిన అర్జీని, నొప్పి తెలిసినవాడు దిద్దుకున్నాడు. అది చదివిన రాత్రి నాకు బాపు అడిగిన మాటే గుర్తొచ్చింది. గింతేనా రా?

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే మా క్లాసుకే చింజో అవసరం పడింది. మేం కూర్చునే కమ్యూనిటీ హాలు పాతబడింది, మూసేస్తామని వార్డు ఆఫీసు నోటీసు అంటించింది. సెన్సే రెండు వారాలు కూర్చుని కాగితం రాసింది. మా దగ్గరికొచ్చి సంతకాలు పెట్టమంది. నేను వెనకాడాను. “నాకిక్కడ ఓటు లేదు కదా సెన్సే, వీసా మీద ఉన్నవాణ్ణి” అన్నాను.

ఆమె ఒక్క మాట అంది: “నంపితో మో.” అంటే ‘ఎవరైనా సరే’. జపాన్ రాజ్యాంగం 16వ అధికరణం ఆ మాటతోనే మొదలవుతుంది. నష్టానికి పరిహారం కోరవచ్చు, అధికారిని తీసెయ్యమనొచ్చు, చట్టం చెయ్యమనొచ్చు, ఉన్నదాన్ని రద్దు చెయ్యమనొచ్చు. శాంతియుతంగా అడిగితే చాలు, అడిగినందుకు ఎవరి మీదా వివక్ష చూపకూడదు. జపాన్ పౌరులు అని లేదు అందులో. అంతకు ముందున్న 1889 రాజ్యాంగంలోనూ విన్నపం హక్కు ఉంది కానీ, తగిన మర్యాద పాటిస్తూ అడగాలని షరతు ఉండేది. 1947లో ఆ షరతు పోయింది. వంగడం పోయి పరచడం మిగిలింది అనుకున్నాను.

చట్టపరంగా ఇంకో తేడా కూడా ఉంది. ‘సేగన్’ అనే లాంఛనమైన విన్నపం పార్లమెంటుకో స్థానిక సభకో ఇవ్వాలంటే ఒక సభ్యుడు పరిచయం చెయ్యాలి. చింజోకి ఆ మధ్యవర్తి అక్కర్లేదు, నేరుగా ఇచ్చేయొచ్చు. అందుకని దాని బరువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని సభల్లో కమిటీ ముందు పెట్టి చర్చిస్తారు, కొన్నిచోట్ల సభ్యులకి కాపీలు పంచి ఊరుకుంటారు. ఊళ్ళ మేయర్లు బడ్జెట్ సీజన్‌లో టోక్యో వచ్చి మంత్రులకి ఇచ్చేదాన్ని కూడా చింజో అనే అంటారు. ఇద్దరూ కాగితం చెరో చివర పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ ఫొటో చూస్తే మన పేపర్లలో జిల్లా పేజీ చూసినట్టే ఉంటుంది.

మా వార్డులో కమిటీ ముందు పెట్టారు. నేను సగం రోజు సెలవు పెట్టి వెనక కుర్చీల్లో కూర్చున్నాను. సెన్సే కాగితంలో బిల్డింగు గురించి రెండే లైన్లున్నాయి. మిగతాదంతా మా గురించే. డాక్టరు దగ్గర పిల్లాడికి ఎక్కడ నొప్పో చెప్పలేక ఏడ్చిన తల్లి, మూడు నెలల తర్వాత ఒంటరిగా వెళ్ళి చెప్పుకుని వచ్చిన సంగతి. రాత్రి షిఫ్టు చేసి నిద్రలేకుండా క్లాసుకొచ్చే కుర్రాడి సంగతి. పేర్లు లేవు, కానీ మాకు తెలుసు. ఒక సభ్యుడు చదువుతూ ఆగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, “ఈ క్లాసుకి వారానికి ఎంతమంది వస్తారు?” అని అధికారిని అడిగాడు. అధికారి దగ్గర జవాబు లేదు. కనుక్కుంటాం అన్నాడు.

ఓడిపోయాం. ఆమోదించలేదు. బిల్డింగుకి భూకంపం తట్టుకునే బలం లేదన్నారు, అది నిజమే కావచ్చు. కొన్నాళ్ళకి సెన్సేకి పోస్టులో ఉత్తరం వచ్చింది. మీ చింజో ఫలానా తేదీన పరిశీలించాం, ఆమోదం పొందలేదు అని. ఆమె దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుంది. “కాదన్నారు. కానీ వారానికి ఎంతమంది వస్తారో ఇప్పుడు వాళ్ళకి తెలుసు” అంది. ప్రస్తుతం ఒక గుడి హాల్లో కూర్చుంటున్నాం. కొత్త గది కోసం ఆమె ఇంకో చింజో రాస్తోంది.

నేను ఆ రాత్రి బాపుకి ఫోన్ చేశాను. “నువ్వు రాసిన రెండు పేజీలు ఉన్నాయా?” అన్నాను. “ఉన్నయి, ఎందుకు?” అన్నాడు. “దాన్నే ఇద్దాం. పైన సర్వే నంబరు, విస్తీర్ణం నేను టైపు చేస్తా. కింద నీది నీ చేతిరాతలోనే పెడదాం.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. “గా పది గుంటలల్ల బాయి ఉన్నది రా. మా అవ్వ సమాధి ఉన్నది. నువ్వు రాసిన కాయితంల అవి లెవ్వు. సదివినోడికి అది ఉత్త పది గుంటలే కదా.”

మూడేళ్ళుగా నేను పది గుంటలే అనుకుంటున్నాను. నేను చూసింది లెక్క మాత్రమే. బాపు చూస్తున్నది, తన తల్లి ఉన్న చోటు తనది కాదని కంప్యూటర్ చెబుతుండటం.

అలాగని చేతిరాత అర్జీ ఇవ్వగానే పని అయిపోలేదు. ఆ సోమవారం కాగితం తీసుకున్న అధికారి రెండో పేజీ దాకా చదివి, “సమాధి ఏ మూలకు ఉంది పెద్దాయనా?” అని అడిగారట. బాపు కాగితం వెనక గీసి చూపించాడు. పది రోజులకి సర్వేయర్ వచ్చి కొలిచి వెళ్ళాడు. నేల మీద 2 ఎకరాల 30 గుంటలు ఉన్నాయని రాసుకున్నాడు. రిపోర్టు పైకి పంపామన్నారు. ఇది రాస్తున్న రోజుకి ఆన్‌లైన్‌లో ఇంకా మారలేదు. అర్జీ నంబరు పక్కన మాత్రం ‘పరిష్కరించబడినది’ అని లేదు. ‘పరిశీలనలో ఉన్నది’ అని ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నా పద్ధతి పూర్తిగా తప్పని నేను అనను. సర్వే నంబరు మొదటి లైన్లో ఉండాల్సిందే. అది లేకపోతే దయగల అధికారికి కూడా ఏ ఫైలు తీయాలో తెలీదు. కానీ సమాచారం వేరు, బాధ వేరు అనుకోవడం నా తప్పు. ఆ రెండిటికీ ఒకే అక్షరం ఎందుకు పెట్టారో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఆఫీసులో కూడా ఇప్పుడు ఫిర్యాదు మూసే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: మీకు దీనివల్ల ఏ పని ఆగిపోయింది? జవాబు ఒక్కోసారి చాలా పొడుగ్గా వస్తుంది. చదువుతున్నాను.

మొన్న ట్రైన్‌లో ‘చింజో’ కార్డు మళ్ళీ వచ్చింది. అర్థం తెలుసు, అయినా ‘ఈజీ’ నొక్కలేదు. ‘మళ్ళీ’ నొక్కాను.

స్టేషన్లో దిగుతుంటే బాపు వాయిస్ మెసేజ్. “ఈ సోమవారం గూడ పోతున్న. బాయి ఫొటో ఒకటి మంచిగ తీసి ప్రింట్ తీయిపిస్త. నువ్వు పంపిన గా బాయి ఫొటో లెక్కనే.”